గడప ముందు చెప్పుల లెక్క

సాయంత్రం ఆఖరి గంట కొట్టి, పిల్లలందరూ గేటు దాటాక, గంటమ్మ బడిలోని మూడు గదులకూ వరసగా వెళ్తుంది. ఒక్కో గుమ్మంలో నిలబడి, "ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. అడిగి ఊరుకోదు, జవాబు కోసం ఆగుతుంది. ఖాళీ గది కనుక జవాబు రాదు. అయినా కొళాయి కింద బిందె నిండేంతసేపు నిలబడుతుంది. ఆ తరవాత బల్లల కిందికి వంగి చూస్తుంది, బీరువా వెనక్కి తొంగి చూస్తుంది, పిల్లి తప్ప ఎవరూ పట్టని సందులో కూడా చెయ్యి పెట్టి తడుముతుంది. అప్పుడు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, పక్క గదికి కదులుతుంది. పంతొమ్మిదేళ్ళలో ఈ పని ఒక్క రోజు కూడా మానలేదు.

పిల్లలకు ఇదొక వేడుక. గేటు అవతల ఆగి, "గంటమ్మా, దయ్యం ఏమంది?" అని అరుస్తారు.

"రేపు నీ ఎక్కాలు అది అప్పజెప్పించుకుంటుందట. ఏడో ఎక్కం దగ్గర తడబడితే చెవి మెలేస్తుందట," అంటుంది ఆమె వెనక్కి తిరగకుండానే.

ఆమె అసలు పేరు జీతం కాగితంలో ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. ముప్పై నాలుగేళ్ళ క్రితం, పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయి అక్క ఇంటికి చేరిన రోజుల్లో, ఊరి బడిలో ఊడ్చి నీళ్ళు పట్టే పనికి కుదిరింది. వరండా దూలానికి వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టడం కూడా ఆమె పనే. మూడు నెలల్లో గంటమ్మ అన్న పేరు పడింది. వేలమంది పిల్లలు ఆమె కళ్ళముందు అక్షరాలు దిద్దారు. ఆమెకు మాత్రం ఒక్క అక్షరం రాదు. వచ్చిన ప్రతి ఉపాధ్యాయుడూ నేర్పుతానన్నాడు, ఈ పరీక్షలు అయిపోనీ అన్నాడు, బదిలీ అయి వెళ్ళిపోయాడు. అంకెలు మాత్రం ఆమెకు వచ్చు. లెక్కలో ఆమెను ఎవరూ మించలేరు. అసలు ఆమె జీవితాన్ని పట్టుకున్నది ఆ లెక్కే.

పాత బడి ఇప్పుడు లేదు. అది పెంకుల కప్పున్న ఒకే ఒక పొడుగాటి హాలు. పిల్లలు చాపల మీద కూర్చునేవారు కాబట్టి చెప్పులు గడప బయట వరసగా విడిచిపెట్టేవారు. ప్రధానోపాధ్యాయుడు పేరుపేరునా హాజరు పిలిచేలోపే గంటమ్మ గడప దగ్గర నిలబడి జతలు లెక్కపెట్టి, "ఇవాళ ముప్పై ఎనిమిదండయ్యా," అనేది. ఆయన పిలుపు పూర్తయ్యేసరికి అంతే తేలేది. కొన్నాళ్ళకు ఆయన పిలవడమే మానేశాడు. ఆమె చెప్పిన సంఖ్య వేసుకుని, రాని వాళ్ళెవరో ఒక చూపుతో పోల్చుకునేవాడు. సాయంత్రం కూడా అదే పద్ధతి. గడప ఖాళీ అయితే హాలు ఖాళీ. తలుపు వేసుకోవచ్చు.

పదిహేనేళ్ళు ఆ పద్ధతి తప్పలేదు. తప్పని పద్ధతిని మనుషులు ఎంతగా నమ్ముతారంటే, అది మనిషిని కాక చెప్పుల్ని లెక్కపెడుతోందన్న సంగతి కూడా మరిచిపోతారు.

ఇక ఈ కథ జరిగిన సంవత్సరం సంగతి. రెండేళ్ళ క్రితం వచ్చిన కొత్త ప్రధానోపాధ్యాయురాలు, అందరూ టీచరమ్మ అనే ఆవిడ, ముప్పై నిండని మనిషి. నడవడం చేతకాదు, పరుగే. ఆమె వచ్చాక బడి దశ తిరిగింది. ఐదో తరగతి పిల్ల ఒకతి కథ చెప్పే పోటీలో నలభై బడుల మీద మొదటి బహుమతి తెచ్చింది. గోడ పత్రిక వెలిసింది. వెనక బీడు నేలలో వంగ, టమాటా మొక్కలు కాపుకొచ్చాయి. అన్నింటికంటే పెద్ద విశేషం హాజరు: ఏడాది పొడుగునా, జ్వరాలు మినహా, ఒక్క పిల్ల, ఒక్క పిల్లవాడు బడి మానలేదు. అలాంటి బడి చుట్టుపక్కల మరొకటి లేదు. పై ఆఫీసు వారు ఉత్తమ ప్రాథమిక పాఠశాల షీల్డుకు తుది జాబితాలో చేర్చారు. వార్షికోత్సవానికి పర్యవేక్షకుడు స్వయంగా వచ్చి, నివేదిక విని, షీల్డు సంగతి తేల్చాలి.

ఆ హాజరు వెనక ఉన్నది గంటమ్మ కాళ్ళే. ఉదయం గంట కొట్టగానే ఆమె ప్రతి గదిలోకీ వెళ్ళి, ముఖాలు కాక, బల్లల కింద పాదాలు చూస్తుంది. పాదాలు లెక్కపెట్టి, సగం చేసి, తక్కువైతే కడ్డీ పక్కన పెట్టి ఆ ఇంటికి బయలుదేరుతుంది. "పిల్ల ఏది?" అంటుంది. "వస్తుందిలే గంటమ్మా," అంటే వినదు. తల దువ్వేదాకా, జడ వేసేదాకా గుమ్మంలో నిలబడి వెంటబెట్టుకొస్తుంది. ఉత్త పాదాలతో వచ్చిన వాళ్ళకు వరండాలోని చెక్కపెట్టెలోంచి చెప్పులు తీసి తొడుగుతుంది. ఆ పెట్టె ఆమెదే. ఊళ్ళో చిన్నవైపోయిన చెప్పులన్నీ ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి, కడిగి, అందులో వేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమెతో టీచరమ్మ వేగలేకపోయేది. వాన పడితే పిల్లల తడి అడుగులతో వరండా నిండిపోయేది. తుడవమంటే గంటమ్మ తుడవదు. "ఆరనివ్వండమ్మా," అంటుంది. బురద కదా అంటే, "ఆరాక ఊడుస్తాను," అంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా చెప్పిన పనల్లా చేసిన మనిషి ఈ ఒక్క పనికి మాత్రం గోడలా నిలబడిపోతుంది. తుడుపు గుడ్డ చేతికిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

ఎండాకాలంలో కూడా, ఒక్క చుక్క పడని రోజుల్లో, ఆమె అప్పుడప్పుడు వరండా మొదట్లో ఠక్కున ఆగిపోయేది. అక్కడ నేల మీద ఏదో ఉన్నట్టు, దాన్ని తొక్కకూడదన్నట్టు, పక్కనుంచి నడిచేది. అక్కడ ఏముందో ఎవరికీ కనిపించేది కాదు.

వార్షికోత్సవానికి వారం ఉందనగా, మధ్యాహ్నం వేళ, టీచరమ్మ నివేదిక కాగితాలు పట్టుకుని వచ్చింది. గంటమ్మ ఆఫీసు గది గుమ్మంలో కూర్చుని, అరిగిపోయిన సుద్దముక్కల్లో పనికొచ్చేవి ఏరుతోంది.

"పెద్దమ్మా, పాత సంగతులు నీకు తెలిసినంత ఫైళ్ళకు కూడా తెలియవు. చదువుతాను, తప్పులుంటే చెప్పు," అని మొదలుపెట్టింది. "పాఠశాలలో ప్రస్తుతం అరవై ముగ్గురు విద్యార్థులు..."

"అరవై నలుగురు. మంగళవారం చేరిన బొద్దుపిల్లని మరిచారు."

"అవును కదూ! రక్షించావు." దిద్దుకుంది. కథల పోటీ, గోడ పత్రిక, కూరగాయల మడి అయ్యాయి. "పాదరక్షల పెట్టె. చెప్పులు లేని పిల్లల కోసం పాఠశాల సహాయకురాలు స్వయంగా ప్రారంభించి... పెద్దమ్మా, ఈ ఆలోచన నీకెలా వచ్చిందని ఆయన అడుగుతారు. ఏం చెప్పను?"

గంటమ్మ చేతిలో సుద్దముక్క విరిగింది. "రాళ్ళు గుచ్చుకుంటాయని చెప్పండి."

"ఇక పాఠశాల చరిత్ర. ఇది పాత ఫైలులోంచి ఎత్తి రాశాను. 'పంతొమ్మిది సంవత్సరాల క్రితం భారీ వర్షానికి పాత భవనం కూలిన దుర్ఘటనలో, సహాయకురాలు వారించినా వినక, మరచిపోయిన చెప్పుల కోసం లోనికి తిరిగి వెళ్ళిన మూడవ తరగతి బాలిక మరణించింది. సిబ్బంది అప్రమత్తత వలన మిగిలిన నలభై ఒక్కమంది క్షేమంగా బయటపడ్డారు.' ఇది ఉంచాలా, వద్దా అని..."

"మళ్ళీ చదవండి."

టీచరమ్మ మళ్ళీ చదివింది.

"ఎవరు వారించారు?"

"నువ్వే కదా, పెద్దమ్మా?" ఆమె ఫైలు తిప్పింది. పసుపురంగు తిరిగిన కాగితం. "ఇదిగో నీ వాంగ్మూలం. 'వెళ్ళవద్దని నేను ఎంత చెప్పినా ఆ పిల్ల నా మాట వినలేదు' అని ఉంది. కింద నీ వేలిముద్ర."

గంటమ్మ లేచి వచ్చి ఆ కాగితం మీదికి వంగింది. అక్షరాలు ఆమెకు చీమల బారులే. చివర నీలం మరక మాత్రం పోల్చుకుంది. తన బొటనవేలు అందులో ఉంది, చిన్నప్పుడు కొడవలికి తెగిన గీత సహా.

"నేను ఇలా చెప్పలేదు," అంది. ఆ మరక మీద వేలు ఆనించి మళ్ళీ అంది, "నేను అసలు ఏమీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదమ్మా."

జరిగింది ఇది.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. గంటమ్మ నీళ్ళ తొట్టి దగ్గర నుంచి వచ్చేసరికి వరండా మెట్ల నుంచి హాలు గడప దాకా చిన్న చిన్న తడి అడుగులు. చెప్పుల గుర్తులు కావు. ఐదు వేళ్ళూ విడివిడిగా పడిన ఉత్త పాదాలు. "ఎవరిదే ఇది, బురదంతా లోపలికి మోసుకొచ్చింది," అని గొణుక్కుంటూ ఆమె తుడుపు గుడ్డతో ఒక్కో అడుగునూ తుడిచేసింది. ఎటు వెళ్ళాయో తలెత్తి చూడలేదు. తరవాత గడప దగ్గర జతలు లెక్కపెట్టింది. నలభై ఒకటి. అదే చెప్పింది.

మధ్యాహ్నం దూలం ఒక్కసారి కీచుమంది. ప్రధానోపాధ్యాయుడు బయటికి పరుగెత్తమని అరిచాడు. పిల్లలు అంత భయంలోనూ చెప్పులు వదలలేదు. పారేసుకుంటే ఇంట్లో తిట్లు తప్పవు కదా. పెరట్లో నిలబడి ఆయన, "అందరూ వచ్చేశారా?" అని అడిగాడు. గంటమ్మ గడప వైపు చూసింది. ఒక్క చెప్పు కూడా లేదు.

"వచ్చేశారండయ్యా. గడప ఖాళీ."

ఆమె ఆ మాట అన్నాక కప్పు కూలడానికి, నెమ్మదిగా ఒకటి నుంచి నలభై దాకా లెక్కపెట్టేంత వ్యవధి ఉంది. లోపలికి వెళ్ళి రావడానికి ఇరవై చాలు. ఈ లెక్క ఆమె ఎన్ని వేలసార్లు కట్టిందో చెప్పలేం.

ఆ పిల్లను ఊళ్ళో పిచ్చుక అనేవారు. ఒక చోట నిలిచేది కాదు. ఆ రోజు మాత్రం నిలిచింది. తడి కాళ్ళకు చలి పుట్టి, మూల ఉన్న చాపల దొంతర వెనక్కి దూరి, పాదాలకు ఒక చాప చుట్టుకుని నిద్రపోయింది. పెంకులు తొలగించాక అలాగే కనిపించింది. ఆ చాప విప్పింది గంటమ్మే.

మూడో రోజున ప్రధానోపాధ్యాయుడు ఒక కాగితం తెచ్చాడు. "ఏం లేదమ్మా, వాన పడింది, కప్పు కూలింది అని రాశాం. వేలు వెయ్యి," అన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. అంత వానలో బడి ఎందుకు నడిపావని తనను అడుగుతారని భయం. ఆయన పోయి పదేళ్ళు. భయస్థుడు రాసిన వాక్యం మాత్రం ఫైలులో ఆరోగ్యంగా బతికి ఉంది. గంటమ్మ వేలు వేసింది. తన తప్పు తన లోపలే ఉండిపోయిందనుకుంది. ఆ మౌనం మీద ఇంకొకరు ఒక అబద్ధాన్ని కట్టారనీ, దాని బరువంతా చచ్చిపోయిన పిల్ల మీద పెట్టారనీ ఈ మధ్యాహ్నం దాకా ఆమెకు తెలియదు.

అంతా విన్నాక టీచరమ్మ వరండా వైపు చూసింది. ఎండలో పొడిగా ఉంది. తుడుపు గుడ్డ కోసం తాను ఎన్నిసార్లు విసుక్కుందో గుర్తొచ్చి ఆమె ముఖం వాడిపోయింది.

"ఆ వాక్యమే తీసేస్తాను, పెద్దమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"తీసేస్తే ఆ పిల్ల అసలు ఈ బడికి రానట్టే కదమ్మా?"

"మార్చి రాస్తే ఏమవుతుందో తెలుసా? హాజరు మన గొప్ప అని చెప్పుకుంటున్నాం. ఆ హాజరే తప్పు వేసి పిల్లను పోగొట్టుకున్నామని మన నోటితో మనం చెప్పాలి. షీల్డు రాదు. నీ మీద విచారణ వేస్తారు."

"మూడు నెలల్లో ఎలాగూ వయసు నిండి పని అయిపోతుంది. కాస్త ముందు పంపిస్తారు, అంతేగా."

"అరవై నలుగురు పిల్లలు ఏడాదంతా కష్టపడ్డారు. వాళ్ళ మాటేమిటి?"

"అరవై ఐదో పిల్ల మాటేమిటమ్మా?"

టీచరమ్మ కాగితాలు సర్దుకుంది. సర్దుకుంటూ ఒకటి కింద పడేసుకుంది.

ఆ సాయంత్రం కూడా గంటమ్మ మూడు గదుల్లోనూ అడిగింది. మూడో గదిలో చాలాసేపు నిలబడింది. ఇన్నేళ్ళూ ఆమె జవాబు రాదని తెలిసే అడిగింది. ఆ రోజు మొదటిసారి, వస్తే ఏమనాలో తోచక భయపడింది.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "ఏమే, ఇవాళ నీ దయ్యాలతో ముచ్చట్లు తెగలేదా? చీకటి పడబోతోంది."

గంటమ్మ అంతా చెప్పింది. అడుగులు తుడిచిన సంగతి అక్కకు చెప్పడం కూడా అదే మొదలు.

అక్క చేట కింద పెట్టింది. "పంతొమ్మిదేళ్ళు నోరు కుట్టుకున్నదానివి. ఇంకో మూడు నెలలు ఓపిక పట్టలేవా? ఇంత బతుకూ బతికి చివర్లో తల దించుకుంటావా?"

"నేను నోరు కుట్టుకుంటే నింద దాని మీద పడింది అక్కా. మాట వినని పిల్లట. ముడుచుకుని పడుకున్న పిల్ల ఎవరి మాట వినలేదే?"

అక్క మళ్ళీ చేట అందుకుంది. చెల్లెలు ఎక్కడికో కదలబోతోందని గ్రహించి, "చెప్పులు వేసుకుని వెళ్ళు. దారంతా రాళ్ళు," అంది.

పిచ్చుక తల్లి రెండు వీధుల అవతల కుట్టుపని చేస్తుంది. టైలరమ్మ అంటారు. బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆమే కుడుతుంది. ఏటా ఒక రోజు బడికి వచ్చి, వరండాలో పిల్లలను నిలబెట్టి కొలతలు తీసుకుంటుంది. టేపు రెండో చివర పట్టుకునేది గంటమ్మే. కానీ టైలరమ్మ ఆమెతో మాట్లాడదు. "కొంచెం పైకి పట్టుకోమని చెప్పమ్మా," అని ఎదుట నిలబడ్డ పిల్లతో అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య మాటలన్నీ పిల్లల మీదుగానే నడిచాయి. అడుగులు తుడిచిన సంగతి ఆమెకు ఎలాగో తెలిసిందనీ, అందుకే మాట్లాడదనీ గంటమ్మ అనుకునేది.

మిషను ఆడుతోంది. నీలం గుడ్డ సూది కింద పరుగెడుతోంది. గంటమ్మ గడప బయటే ఆగింది.

"ఆ కాగితంలో ఏముందో నేను ఇవాళే విన్నాను."

మిషను ఆగింది. టైలరమ్మ తలెత్తలేదు. "ఏ కాగితం?"

"నేను వేలు వేసింది."

"ఇవాళ విన్నావా?" అప్పుడు తలెత్తింది. "నాకు అప్పుడే చదివి వినిపించారు. చెప్పుల కోసం వెళ్ళిందట. నువ్వు వద్దన్నావట. దాని చెప్పులు ఇంట్లో ఉన్నాయండీ అన్నాను. తెచ్చి చూపించాను. ఏమన్నారో తెలుసా? రెండో జత ఉందేమో అన్నారు." ఆమె నవ్వింది. వినేవాళ్ళకు చలి పుట్టే నవ్వు. "రెండో జత! ఉన్న ఒక్క జతకు పట్టీ తెగితే కుట్టివ్వడానికి తీరిక లేదు నాకు. ఊరందరి బట్టలూ కుడుతున్నాను కదా. 'సాయంత్రం కుడతానే, ఇవాళ్టికి ఇలాగే వెళ్ళు' అన్నాను."

మిషను సొరుగు లాగింది. లోపల దారపు ఉండల మధ్య, అరచేతి పొడవు చెప్పులు రెండు. ఒకదాని పట్టీ ఇంకా తెగే ఉంది.

"నువ్వు కావాలని అబద్ధం చెప్పావనుకున్నాను," అంది. "నీ ఉద్యోగం కోసం."

"అబద్ధం నేను చెప్పలేదు. అంతకంటే ఘోరం చేశాను." గంటమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి అడుగుల సంగతి చెప్పింది. మెట్ల నుంచి గడప దాకా ఎన్ని ఉన్నాయో కూడా చెప్పింది. పదకొండు.

"తుడిచావా?"

"తుడిచాను."

"ఎవరివో చూడలేదా?"

"లేదు."

టైలరమ్మ సొరుగు నెమ్మదిగా మూసేసింది. బయట ఎవరో సైకిలు గంట కొడుతూ వెళ్ళారు; ఆ చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నాకు చెప్పి, గుండె దించుకుని వెళ్ళిపోదామనుకున్నావేమో," అంది చివరికి. "అలా కుదరదు. వేలు ఎక్కడ వేశావో మళ్ళీ అక్కడే వెయ్యి. నా పిల్ల మాట వినే పిల్ల. ఇలాగే వెళ్ళమంటే ఇలాగే వెళ్ళింది." మిషను మళ్ళీ ఆడడం మొదలైంది.

మర్నాడు ఉదయం, మొదటి గంటకు ముందే, టీచరమ్మ తెల్లకాగితంతో వచ్చి గంటమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వు చెప్పు. నేను రాస్తాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తియ్యను."

గంటమ్మ చెప్పింది. టీచరమ్మ రాసి, చదివి వినిపించింది. గంటమ్మ రెండోసారి చదివించుకుంది. అంతటితో ఒప్పుకోలేదు. కథల పోటీలో గెలిచిన ఐదో తరగతి పిల్లను పిలిపించి, "ఏమే, ఇందులో ఏముందో చదివి చెప్పవే. టీచరమ్మ మాట కలపలేదని నాకు తెలుసు, కానీ ఈసారి రెండు నోళ్ళతో వింటాను," అంది. టీచరమ్మ నొచ్చుకోలేదు. ఆ పిల్ల ఆగి ఆగి చదివింది. 'తుడిచాను' అన్న మాట దగ్గర గొంతు తగ్గించింది.

"గట్టిగా చదువు. అదే అసలు సంగతి," అంది గంటమ్మ.

ఆ తరవాత సిరా పెట్టె అడిగింది. బొటనవేలు అద్ది, కొడవలి గీత స్పష్టంగా పడేలా, నెమ్మదిగా వేసింది. పక్కన టీచరమ్మ, 'చదివి వినిపించి, అంగీకారం పొందిన మీదట' అని రాసి సంతకం చేసింది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నది పంతొమ్మిదేళ్ళ క్రితం నిజంగా జరిగి ఉంటే చాలు; అబద్ధానికి ఆ కాగితం మీద చోటు ఉండేది కాదు.

వార్షికోత్సవం నాడు రంగు కాగితాలు కట్టారు. పర్యవేక్షకుడు ముందు వరసలో కూర్చున్నాడు. టీచరమ్మ నివేదిక చదివింది: పోటీ, పత్రిక, మడి, హాజరు. ప్రతిదానికీ చప్పట్లు. చరిత్ర భాగం వచ్చేసరికి కాగితాన్ని ఐదో తరగతి పిల్ల చేతికిచ్చింది. పిల్ల గట్టిగానే చదివింది. హాజరు మనుషులకు కాక చెప్పులకు వేశారనీ, ఉత్త పాదాలతో వచ్చిన పిల్ల లెక్కలోకి రాలేదనీ, ఆమె ఎవరి మాటా మీరలేదనీ, ఎవరూ ఆమెను వెళ్ళవద్దనలేదనీ, ఎందుకంటే ఎవరూ ఆమెను చూడలేదనీ.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పర్యవేక్షకుడు కాగితం తీసుకుని చూశాడు. "ఇది చేర్చమన్నది ఎవరు?"

వెనక, రైలు పట్టా ముక్క కింద నిలబడ్డ గంటమ్మ, "నేనేనండీ," అంది.

"ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా మరి?"

"వేలు వేసి ఊరుకున్నానండీ."

గేటు దగ్గర నిలబడి విన్న టైలరమ్మ అప్పటికే వెనుదిరిగింది. ఆమె నడక మాత్రం కనిపించింది, నిటారుగా.

షీల్డు మరో బడికి వెళ్ళింది. గంటమ్మను సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. దాన్ని కూడా ఆమె రెండు నోళ్ళతో చదివించుకుంది. పిల్లలు రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. "షీల్డు పోగొట్టావు గంటమ్మా," అన్నారు. మూడో రోజున బొద్దుపిల్ల వచ్చి ఆమె చీర కొంగు లాగి, "పిచ్చుక ఎక్కడ కూర్చునేది?" అని అడిగింది. పాత హాలు ఉన్న చోటే బడి వెనక మడి; ఆ మూలలో ఇప్పుడు వంగ మొక్కలున్నాయి. గంటమ్మ తీసుకెళ్ళి చూపించింది. మిగతా పిల్లలు కూడా వెంట వచ్చారు. ఆ సాయంత్రం గేటు అవతల నుంచి దయ్యం ఏమందని ఎవరూ అరవలేదు.

కొత్త తరగతులు మొదలయ్యాక, గంటమ్మ పనికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయనగా, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, టైలరమ్మ కొలతలకు వచ్చింది. వరండా నిండా తడి అడుగులు. ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. అప్పుడు, పిల్లలెవరి మీదుగానూ కాకుండా, నేరుగా అడిగింది.

"తుడవవా?"

"ఆరేదాకా తుడవను."

టైలరమ్మ టేపు మెడకు చుట్టుకుని మెట్టు మీద కూర్చుంది. గంటమ్మ రెండు మెట్లు కింద కూర్చుంది. పెద్ద అడుగులు, చిన్న అడుగులు, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోయిన అడుగులు, అంచుల నుంచి లోపలికి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. గడప దగ్గర నీడపట్టున ఒక చిన్న పాదం మాత్రం చివరిదాకా మిగిలింది. పెట్టెలోని చెప్పులు తొడిగించేలోపే ఎవరో లోపలికి పరుగెత్తి ఉంటారు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది కూడా పోయాక టైలరమ్మ లేచింది.

"ఆ చివర పట్టుకో," అంది, టేపు చాచి.

పిల్లలందరి కొలతలూ అయ్యేసరికి సాయంత్రమైంది. గంటమ్మ ఆఖరి గంట కొట్టింది. పిల్లలు వెళ్ళిపోయారు. టైలరమ్మ వెళ్ళలేదు. గంటమ్మ మొదటి గది గుమ్మంలో నిలబడి, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఎప్పటిలాగే ఆగింది. ఆమె వెనక, అరచేతిలో టేపు చుట్టడం ఆపి, టైలరమ్మ కూడా వింటోంది.